వంక దాటినా కదలని కారు

మొన్న వానాకాలంలో మా ఆయన కారును ఆదోనిలో రైలుకట్ట కింద నిలిచిన నీళ్ళలోకి దింపాడు. వద్దన్నాను. ముందు పోయిన ఆటో దాటింది కదా అన్నాడు. దాటింది నిజమే, కానీ ఆ నీళ్ళలో గుంట ఎక్కడుందో ఆటో అతనికి తెలుసు, మా ఆయనకు తెలియదు. సగం దూరం పోయాక ఇంజిన్ ఒక్కసారి ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. స్టీరింగు ముందున్న దీపాలన్నీ తిరునాళ్ళలో లాగా వెలిగాయి. ఆయన మళ్ళీ స్టార్ట్ బటన్ మీదికి వేలు పోనిచ్చేసరికి చెయ్యి పట్టుకుని లాగాను. నీళ్ళు తాగిన ఇంజిన్‌ను బలవంతంగా తిప్పితే లోపలి కడ్డీలు వంగిపోతాయని మా నాయన మాకు ఎక్కాలతో పాటు నేర్పించాడు. ఆ తర్వాత కారు కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి కూడా బడిపంతులమ్మ మర్యాదతో అదే మాట చెప్పింది. నా మాట కంటే ఆ అమ్మాయి మాట మీద ఆయనకు గురి ఎక్కువ కుదిరిందనుకోండి, అది వేరే సంగతి.

ఒక లారీ వచ్చి మా కారును వీపు మీద ఎక్కించుకుని పోయింది. మర్నాడు షెడ్డులో గాలి ఫిల్టర్ ఊడదీసి చూశారు, ఒక చిన్న పెట్టెను వైరుతో తగిలించి చూశారు, లోపలికి నీళ్ళు పోలేదన్నారు, ఆరబెట్టి ఇచ్చారు. అంతా సవ్యంగానే జరిగింది. కానీ లారీ వచ్చేదాకా మేమిద్దరం గొడుగు కింద నిలబడ్డామే, ఆ సేపంతా నాకు ఏదో వెలితిగా అనిపించింది. జనం వచ్చారు, చూశారు, ఫోన్లలో ఫోటోలు తీసుకుని పోయారు. ఒక్కరంటే ఒక్కరు దగ్గరికొచ్చి "ప్లగ్గులు తడిసినట్టుండాయి సూడప్పా" అనలేదు. ఆ మాట మా ఆయనతో అంటే, "సలహాలు లేనందుకు సంతోషించు" అన్నాడు. ఆయనది కడప పక్క. మా జేజిని ఆయన చూడలేదు, మా జేజి వంక దాటిన రోజు సంగతి కూడా ఎప్పుడూ పూర్తిగా వినలేదు.

మా జేజి అంటే మా నాయనను కన్న తల్లి. మా ఇల్లు అప్పట్లో ఆదోనిలో దూది మిల్లుల పక్క సందులో ఉండేది. తెల్లవారి మిల్లు కూత వినిపిస్తే జేజి పొయ్యి ముట్టించేది, రెండో కూతకు తాత తలగుడ్డ చుట్టుకునేవాడు. పత్తిగింజల చెక్క వాసన మా అన్నంలో కూడా ఉండేదని మా అమ్మ పుట్టింటివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. మాకు తెలిసేది కాదు. తాత మిల్లులో పత్తి రకం చూసే పనిలో ఉండేవాడు. చిటికెడు దూది తీసుకుని రెండు బొటనవేళ్ళ మధ్య మెల్లగా లాగి, పోగు పొడవు చూసి, ఇది ఫలానా పక్క చేలల్లో పండినదని చెప్పేవాడు. ఇంటికి వచ్చాక కూడా ఆ వేళ్ళు ఊరికే ఉండేవి కావు. మాట్లాడుతూ మాట్లాడుతూ పంచె అంచులోంచి ఒక పోగు లాగి సాగదీసేవాడు. జేజి గుడ్లురిమేది.

తాత దూదిని చూసేవాడైతే జేజి దాన్ని వాడేది. ఆమె నడుముకు ఎప్పుడూ వక్కాకు సంచి వేలాడేది. దానికున్న అరల్లో ఒకదాంట్లో వక్కలు, ఒకదాంట్లో సున్నం డబ్బా, మిగిలినదాన్నిండా దూది. కూర్చుంటే వత్తులు చేసేది. నూనె సీసాకు మూత పోతే దూది, చెవిపోటు వస్తే దూది, కిటికీ చెక్కల సందుల్లో గాలి కొడితే దూది, గోడలో చీమలు పుట్ట పెడితే దూది. నా సిరాబుడ్డి సంచిలో ఒలికిందని ఏడిస్తే దానికీ దూదే. మా ఇంట్లో ఎక్కడైనా కన్నం కనబడితే జేజి చెయ్యి దానంతటదే సంచిలోకి పోయేది. అది తప్పని ఆ సందులో ఎవరూ అనుకునేవాళ్ళు కాదు, అన్ని ఇళ్ళలోనూ అదే వైద్యం.

జేజికి ఒక చెల్లెలు ఉండేది, మాకు చిన్నజేజి. ఆమెను ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటికి ఇచ్చారు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ బస్సెక్కితే పూటలో పోయి రావచ్చు. అయినా నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ అక్కచెల్లెళ్ళు ఒకరింటికి ఒకరు పోయింది లేదు. కారణం చిన్నదే. ఎవరిదో పెళ్ళిలో తాతా, చిన్నతాతా పక్కపక్కన భోజనానికి కూర్చున్నారు. తోడల్లుళ్ళు, పైగా సరదా మనుషులు. చిన్నతాత పప్పు కలుపుకుంటూ, "మీ ఆదోని దూదిలో పోగు కంటే గింజలే మెండు అన్నా" అన్నాడట. ఆ మాటకు బంతిలో అందరూ నవ్వారు. తాత విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. అన్నం ముందు నుంచి లేచిన మనిషిని ఎవరో ఒకరు బతిమాలి కూర్చోబెట్టాలి. చిన్నతాత నవ్వుతూ ఉండిపోయాడు, లేవలేదు. అంతే, తాత ఆ ఇంటి గడప తొక్కనన్నాడు. ఆయన తొక్కని గడపను జేజి ఎలా తొక్కుతుంది? ఆ పెళ్ళి చేసుకున్న జంటకు పిల్లలు పుట్టి బడికి పోతున్నా వీళ్ళ పట్టుదల మాత్రం అలాగే ఉంది.

అటువంటప్పుడు చిన్నజేజికి ఒళ్ళు బాగాలేదని, మంచం దిగడం లేదని, అక్కను చూడాలంటోందని చీరలు తెచ్చే ఆయన చెప్పిపోయాడు. జేజి పొయ్యి ముందు కూర్చుని రొట్టె తడుతూ ఉంది, తట్టిన రొట్టెనే మళ్ళీ మళ్ళీ తడుతోంది, అది పలకలాగా పల్చబడి చిరిగిపోయింది. తాత అది చూశాడు. రాత్రి భోంచేసి లేస్తూ మా నాయనతో, "రేపు మీ అమ్మను కారులో ఎమ్మిగనూరికి దింపుదాం. నేనూ వస్తా. వాకిట్లోనే ఉంటా" అన్నాడు. మా నాయనకు స్టేషన్ దగ్గర అద్దెకు తిప్పే పాత నల్ల కారు ఒకటి ఉండేది. అది మా ఇంట్లో అందరికంటే గారాబంగా పెరిగింది.

అప్పటికి మూడు దినాలుగా ముసురు. బస్సులు తిరగడం లేదు. అయినా తాత మాట మారుస్తాడేమోనని జేజి తెల్లవారక ముందే కొర్రపిండి వేయించి, పుండికూర పచ్చడి నూరి, రొట్టెలు మూట కట్టి, పండుగ చీర కట్టుకుని గడపలో కూర్చుంది. కారులో తాత ముందు, మేమిద్దరం వెనక. నన్నెందుకు తీసుకుపోయారంటే, బయట నలుగురి ముందు జేజి తాతతో నేరుగా మాట్లాడేది కాదు. "మీ తాతకు తాంబూలం కావాల్నేమో అడుగు" అని నాకు చెప్పాలి, నేను ఆ పక్కనే ఉన్న తాతకు చెప్పాలి. ఆయన "వద్దని చెప్పు" అనాలి. నాకు అదొక గొప్ప ఉద్యోగం.

సగం దారిలో వంక రోడ్డు మీద పారుతోంది. నల్లరేగడి కలిసిన నీళ్ళు, కాఫీ రంగులో. ఇవతల లారీలు ఆగి ఉన్నాయి. నాయన పంచె ఎగగట్టి దిగి చూసి వచ్చాడు, మోకాళ్ళు దాటి తొడల దాకా వచ్చాయి. పారుడు మెత్తగానే ఉంది. పక్క చేను ఖాసీంసాబుది. ఆయన ఎద్దులతో లారీవాళ్ళ బస్తాలు దాటిస్తున్నాడు. "ఫికర్ చెయ్యొద్దప్పా, ఇంజిన్ ఆర్పేసి కూర్చో, నా ఎద్దులు లాగుతాయి" అన్నాడు. నాయనకు ఆ మాట నచ్చింది. నడుస్తున్న ఇంజిన్ ఊపిరి పీలుస్తుంది కాబట్టి నీళ్ళు పీలుస్తుంది, ఆర్పితే పీల్చదు. నాయనా తాతా బానెట్ ఎత్తి, గాలి పోయే కార్బరేటర్ మూతికి దూది గుడ్డ కుక్కి, వైర్ల దగ్గర గ్రీజు పూసి, మూసేశారు. జేజి, నేను గట్టు మీద నిలబడి చూశాం. తర్వాత జేజి కారు వెనక్కి పోయి వచ్చింది. చీర కుచ్చెళ్ళు సర్దుకోవడానికి పోయిందనుకున్నాను.

ఎద్దులు మంచివి. కారు పడవలాగా అటూ ఇటూ ఊగుతూ, వెనక భాగమంతా బురద పూసుకుని అవతలి గట్టెక్కింది. మమ్మల్ని బండిలో దాటించారు. నాయన కార్బరేటర్ మూతికి పెట్టిన గుడ్డ పీకేసి, తుడిచి, కూర్చుని తాళం తిప్పాడు. ఇంజిన్ ఒక్కసారి దగ్గి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ దగ్గి ఊరుకుంది.

ఇంక చూడండి సంత! బస్సులు లేక గట్టు మీద చిక్కుకున్న జనమంతా చుట్టూ చేరారు. ఒకరు బ్యాటరీ అన్నారు. ఒకరు పెట్రోల్లో నీళ్ళు కలిశాయన్నారు. తుగ్గలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "నల్ల కారు గదా, దిష్టి తగిలింటాది, నిమ్మకాయ తొక్కించు" అన్నాడు. ఖాసీంసాబు "ఎండకు పెడితే సరిపోతాది" అన్నాడు, వాన మీద పడుతుండగా. మా నాయనకు కోపం రాలేదు. అందరికీ తల ఊపుతూ తన పని తాను చేసుకుపోయాడు. ముందు ప్లగ్గులన్నీ ఊడదీశాడు. తాతను హ్యాండిల్ తిప్పమన్నాడు. లోపల నీళ్ళుంటే ఆ కన్నాల్లోంచి చిమ్ముకొస్తాయి. ఏమీ రాలేదు. ఆయిల్ పుల్ల లాగి చూశాడు. నీళ్ళు కలిస్తే అది మజ్జిగలాగా తెల్లబడుతుంది. నల్లగానే ఉంది. ప్లగ్గును వైరుకు తగిలించి ఇనుము మీద ఆనించి, తిప్పు నాయనా అన్నాడు. నీలం రంగు నిప్పు చిటుక్కుమంది, జనం అబ్బా అన్నారు. పెట్రోలు గొట్టం వదులు చేసి వాసన చూపించాడు. అన్నీ మళ్ళీ బిగించి, కూర్చుని, తాళం తిప్పాడు. దగ్గి ఊరుకుంది.

నాయన దిగి చక్రం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "గాలి ఉండాది, పెట్రోలు ఉండాది, నిప్పు ఉండాది. యాల కదలదో నాకు తెలీడం లేదు నాయనా" అన్నాడు. కారు విషయంలో తెలియదని ఆయన అనడం నేను వినడం అదే మొదలు.

తాత తలగుడ్డ విప్పి పిండుకున్నాడు. "సాల్లేరా. ఎద్దులు కట్టించి ఆ పక్కకు లాగించు. లారీలో ఇంటికి పోదాం."

"అమ్మను బండిలో పంపిస్తాంలే నాయనా. ఖాసీమన్న దింపొస్తాడు."

"ఇన్నేండ్లకు పోయి, వాని వాకిట్లో ఎద్దులబండి దిగి నిలబడాల్నా మీ అమ్మ? కారు లేక వచ్చిందనాల్నా వాడు? వద్దు. మనకు ప్రాప్తం లేదు, పద."

తాత ఒకసారి వద్దంటే రెండోసారి అడిగే మనిషి మా ఇంట్లో లేడు. ఈ రోజు వెనక్కి తిరిగితే జేజి చెల్లెల్ని ఇంక చూడదని నాకే అర్థమైంది. జేజి రొట్టెల మూట ఒళ్ళో పెట్టుకుని రాయి మీద కూర్చుని ఉంది. ముఖం మీద పడిన వాన తుడుచుకోలేదు. అలా కూర్చునే కారును కింది నుంచి పైదాకా, ముందు నుంచి వెనకదాకా చూసింది. లేచింది. నాతో చెప్పలేదు. నేరుగా కొడుకు దగ్గరికి నడిచి అడిగింది.

"అప్పా, ముందర దూది తీసినావు సరే, యెనక దూది తీసినావా?"

"యెనక యాడ పెట్టినామ్మా దూది?"

"నేను పెట్టినాలే. ఆ పొగ గొట్టంలో. కట్టెపుల్లతో బాగా లోపలికి దూర్చి పెట్టినా, నీళ్ళు పోకుండా."

నాయన పరుగెత్తి వెనక బురదలో మోకాళ్ళ మీద కూలబడి చూశాడు. సైలెన్సర్ గొట్టం మూతి రేగడి మట్టితో పూడి, ఆ మట్టి వెనక నానిన దూది రాయిలాగా బిగిసి ఉంది. లోపలికి పోయే దారులన్నీ వెతికాడు గానీ, బయటికి వచ్చే దారి ఒకటుందని ఆయనకు తట్టలేదు. వదిలే చోటు లేకపోతే ఎవరు మాత్రం ఊపిరి పీలుస్తారు? నాయన నవ్వడం మొదలుపెట్టాడు. ఖాసీంసాబు ఎద్దు మెడ పట్టుకుని నవ్వాడు. నిమ్మకాయ పెద్దాయన అయితే కూర్చుండిపోయాడు.

తాత మాత్రం నవ్వలేదు. "ఎవురు పెట్టమన్నారు నిన్ను?" అన్నాడు, నలుగురిలో, నేరుగా జేజితో. ఆమె కూడా నన్ను పిలవలేదు. ఆయన వైపు చూడలేదు గానీ, కారు వైపు చూస్తూ జవాబిచ్చింది.

"ఎవురూ పెట్టమన్లే. లోపలికి నీళ్ళు పోయి ఇది సెడిపోతే తిప్పుకోని ఇంటికి పోదామంటారని బయపడినా. యాడ బొక్క కనబడితే ఆడ పెట్టినా. నేను మా సెల్లెల్ని సూడాల."

అన్నాళ్ళలో ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు. తాతను ఏమీ అడగలేదు, ప్రాధేయపడలేదు. ఆమెకు కావలసింది ఏమిటో ఆ గట్టు మీద వానలో పరాయివాళ్ళందరికీ వినబడేటట్టు చెప్పింది. తాత కాసేపు పంచె అంచు పోగు లాగుతూ నిలబడ్డాడు. తర్వాత తనే వంగి, కట్టెపుల్లతో ఆ దూది గెలకడం మొదలుపెట్టాడు. తడిసి ముద్దైన దాన్ని అరచేతిలో పెట్టుకుని, అలవాటు చొప్పున రెండు వేళ్ళ మధ్య సాగదీసి చూసి, "పొడుగు పోగుది. మంచి దూదే పెట్టినావు, వత్తులకు కూడా ఇంత మంచిది వాడవు గదే" అన్నాడు. నాయన తాళం తిప్పాడు. గొట్టంలో మిగిలిపోయిన ముద్ద ఒకటి ఢామ్మని ఎగిరి వంకలో పడింది. నల్లటి పొగ వచ్చింది. కారు కదిలింది.

ఎమ్మిగనూరు దాకా కారు మళ్ళీ ఆగలేదు. ఇప్పటి కార్లలో కిటికీలు మూసుకుని చల్లగా పోతాం, పాటలుంటాయి, దారి చెప్పే గొంతు ఉంటుంది. ఏది చెడినా వెంటనే మనకు చెప్పేస్తుంది. అది మంచిదే, కాదనను. మొన్న మా ఆయనా నేనూ ఏ ఇబ్బందీ లేకుండా ఇంటికి చేరాం. కానీ ఆ పాత కారు చెడినప్పుడు అందరం దిగి ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసి వచ్చేది. మా ఇంట్లో పెద్దవాళ్ళు అటువంటప్పుడు తప్ప మనసులో మాట చెప్పుకున్నట్టు నాకు గుర్తులేదు.

చిన్నజేజి ఇల్లు మగ్గాల వీధిలో ఉండేది. కారు ఆగేసరికి లోపల మగ్గం చప్పుడు వినబడుతోంది. జేజి మూట పట్టుకుని గబగబా లోపలికి పోయింది, నేను కొంగు పట్టుకుని వెనకే. చిన్నజేజి మంచం మీద సన్నగా, పసుపు ముఖంతో ఉంది. అక్కను చూసి లేవబోయింది. జేజి ఆమెను పట్టుకుని కూర్చోబెట్టింది. ఏడవలేదు, తిట్టింది. "ఇంత మెత్తబడిపోతావేమే, తిండి తినకుండా? పుండికూర తెచ్చినా, తిను" అంది. ఇద్దరూ అప్పుడు ఏడ్చారు. చెప్పడం మరిచాను, చిన్నజేజి ఆ జబ్బు నయమై ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. మా పెళ్ళిళ్ళలో అందరికంటే గట్టిగా పాడింది.

బయట తాత కారు దిగి బానెట్‌కు ఆనుకుని నిలబడ్డాడు, అన్న మాట ప్రకారం వాకిట్లోనే. లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది. చిన్నతాత మగ్గం గుంటలోంచి లేచి అరుగు మీదికి వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసి వేరే దిక్కులకు తిరిగారు. కిటికీలోంచి అంతా మాకు కనబడుతోంది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఏడుపు ఆపేసి అటే చూస్తున్నారు.

తాత గొంతు సవరించుకున్నాడు. "రేయ్, ఇంజిన్ శబ్దం తేడాగా వస్తాంది. ఎత్తు, సూద్దాం" అన్నాడు నాయనతో, అవసరానికి మించి గట్టిగా.

"ఏం తేడా లేదు నాయనా, బాగనే…"

"ఎత్తరా" అంది జేజి కిటికీలోంచి.

నాయన ఎత్తాడు. తాత లోపలికి వంగి చూడడం మొదలుపెట్టాడు. కాసేపటికి చిన్నతాత అరుగు దిగి ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి, ఇంకో పక్క నుంచి తనూ వంగాడు.

"నీళ్ళలో దిగిందా?"

"దిగింది."

"లోపలికి పోయినాయా?"

"పోలేదు. కదల్లేదు శానాసేపు."

"ఈ పోగు యాడికి పోతాది?" అని చిన్నతాత ఒక వైరు చూపించాడు. తాతకు ఆ వైరు ఎక్కడికి పోతుందో తెలియదు, అయినా చెప్పాడు. చిన్నతాతకు అది తప్పో ఒప్పో తెలియదు, అయినా అవునన్నాడు. నాయన దూరంగా పోయి బీడీ ముట్టించుకున్నాడు. ఆ ఇద్దరు ముసలివాళ్ళు ఏ జబ్బూ లేని ఆ ఇంజిన్‌లోకి తలలు పెట్టి, ప్లగ్గుల గురించి, వంక గురించి, ఖాసీంసాబు ఎద్దుల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. చిన్నజేజి అక్క చెయ్యి పట్టుకుని, "అక్కా, మాట్లాడుకుంటాండారే" అంది గుసగుసగా.

చివరికి చిన్నతాత తల పైకెత్తి, "చేతులకు మసైంటాది అన్నా, లోపలికి రా, కడుక్కుందువు" అన్నాడు.

తాత చేతులకు మసి అంటలేదు. ఆయన ఆ బానెట్ కింద ఏదీ ముట్టుకోలేదు, నేను చూస్తూనే ఉన్నాను. అయినా చేతులు రెండూ ముందుకు చాపుకుని, దేనికీ తగలకుండా జాగ్రత్తగా గడప దాటి లోపలికి వచ్చాడు. పెరట్లో చిన్నతాత చెంబుతో నీళ్ళు పోస్తున్నంతసేపూ ఆ శుభ్రమైన చేతులను రుద్దుకుంటూనే ఉన్నాడు.